పరుగూ - కళ్ళజోడూ

నాకు హ్రస్వదృష్టి. అద్దాలు లేకుండా పరుగెత్తితే దారిలోని గుంత కూడా చెట్టునీడలాగే కనిపిస్తుంది. పెట్టుకుంటే, ఆగస్టు నెల హైదరాబాదు చెమటకు రెండో కిలోమీటరులోనే జోడు ముక్కు కొసకు జారుతుంది. అందుకే అందం విడిచి మూడు గుణాలే ఎంచాను: తక్కువ బరువు, ముక్కుమీద ఆనేచోట మెత్తని రబ్బరు, పడినా సులభంగా పగలని పాలికార్బొనేట్ అద్దాలు.

చలువద్దాలు కొనేవారికొక మాట. నలుపే రక్షణ కాదు. అతినీలలోహిత కిరణాలను ఆపని నల్లద్దం వెనుక కనుపాప విచ్చుకుని, వాటిని మరింతగా లోనికి రానిస్తుంది. కనుక రంగు కాదు, 400 నానోమీటర్ల వరకూ ఆ కిరణాలను అడ్డగించే 'యూవీ 400' గుర్తు చూడండి. వేకువ చీకటిలో మాత్రం తెల్లద్దాలే మేలు.

బూట్లకు వేలు వెచ్చించే మనం, దారి చూపే కళ్ళపై ఆమాత్రం శ్రద్ధ చూపలేమా?