మాధవధార మెట్ల దారి

విశాఖపట్నం అంటే లోకానికి సముద్రమే గుర్తొస్తుంది. మర్రిపాలెం రైల్వే క్వార్టర్లలో పెరిగిన మా పిల్లమూకకు మాత్రం సముద్రం దూరం, కొండ దగ్గర. బీచికి వెళ్ళాలంటే బస్సు ఎక్కాలి, పెద్దవాళ్ళెవరో ఒకరు తోడు రావాలి. కొండకైతే కాళ్ళుంటే చాలు. 1980లలో మా ఆదివారాలన్నీ సింహాచలం కొండ మీదే గడిచాయి.

ఆ కొండ మీది అప్పన్నస్వామి దర్శనానికి అందరూ అడివివరం వైపు నుంచి వెయ్యికి పైగా మెట్లెక్కో, ఘాట్ రోడ్డులో బస్సెక్కో వెళతారు. మా దారి మాధవధారది. కొండకు పట్నం వైపున వేణుమాధవస్వామి గుడి, ఆ పక్కనే రాళ్ళ మధ్య నుంచి పడే ధార. ఆ నీళ్ళతో ముఖం కడుక్కుని, దోసిలితో తాగి మెట్లెక్కడం మొదలుపెట్టేవాళ్ళం. బస్సులు లేని కాలంలో పట్నం జనం సింహాచలం వెళ్ళింది ఈ దారినే అని అమ్మమ్మ చెప్పేది. కొన్నిచోట్ల చెక్కిన మెట్లు, కొన్నిచోట్ల పరిచిన బండలు, మరికొన్నిచోట్ల వాన కోసేసిన మట్టిదారి.

ఎక్కేటప్పుడు అమ్మమ్మదే పెత్తనం. చెప్పులు లేకుండా, ఎక్కడా ఆగకుండా, ఒకే తీరున నడిచేది. "ఎక్కేటప్పుడు మాటాడకండర్రా, ఆయాసం వస్తాది. దిగేటప్పుడు పరిగెట్టకండి, కాళ్ళు ఇరుగుతాయి" అనేది. మొదటి మాట విన్నాం. రెండోది వినడం ఆ వయసు పిల్లలెవరికీ సాధ్యం కాదు.

శిఖరం దాటే చోట ఒకవైపు రైలు పట్టాలు, ఓడరేవు క్రేన్లు, డాల్ఫిన్ నోస్ కొండ, దాని వెనక సముద్రం కనిపించేవి. రెండోవైపు చెట్ల మధ్య దేవాలయం. అక్కడి బండల మీద కూర్చుని పులిహోర తినేవాళ్ళం. ఆ గుడిలో దొరికిన పాత శాసనాల్లో కులోత్తుంగ చోళుడి కాలం నాటిది కూడా ఉందని, శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఇక్కడికి వచ్చాడని చాలా ఏళ్ళ తర్వాత చదువుకున్నాను. పసితనంలో నాకు తెలిసిన చరిత్రంతా అమ్మమ్మ పాదాల కింద అరిగిన ఆ మెట్లే.

అసలు సంబరం తిరుగుప్రయాణంలో ఉండేది. పెద్దమ్మ కొడుకు మాకు గురువు. కొండ దిగుతూ పరిగెత్తడంలో వాడు చెప్పిన సూత్రాలు ఇప్పటికీ కంఠతా వచ్చు. అడుగులు చిన్నవిగా, వడివడిగా పడాలి. చూపు పాదాల మీద పెట్టకూడదు, నాలుగడుగుల ముందుండాలి. ఒళ్ళు వెనక్కి వాల్చితే కాలు జారుతుంది, కాస్త ముందుకే వంగాలి. చేతులు రెండూ రెక్కల్లా చాపాలి. ఫాల్గుణంలో ఎండుటాకుల కింద రాయి కనబడదు కాబట్టి మెల్లగా దిగాలి. వానాకాలంలో నాచు పట్టిన మెట్టు వదిలేసి పక్కనున్న మట్టిలో అడుగెయ్యాలి. ఇవాళ ఖరీదైన బూట్లు వేసుకుని కొండదారుల్లో పరుగు పోటీలకు తయారయ్యే కుర్రాళ్ళకు శిక్షకులు చెప్పేవీ ఇంచుమించు ఈ మాటలే.

ఆ దారిలో రాయి కూడా మాకు ఆటవస్తువే. తుప్పు రంగులో ఉండి, పొరలు పొరలుగా ఊడివచ్చేది. దాన్ని ఎండకేసి తిప్పితే ఎర్రటి గింజలు తళుక్కుమనేవి. గోటితో పెకలించి అగ్గిపెట్టెల్లో దాచుకునేవాళ్ళం. ఆ రాయి పేరు ఖొండలైట్ అనీ, తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడనీ, ఆ గింజలు గార్నెట్లనీ కాలేజీలో తెలిసింది. వానలకు కొండ అరిగి, ఆ గింజలు గెడ్డల్లో కొట్టుకుపోయి సముద్రంలో కలుస్తాయి. విశాఖ బీచిలో ఇసుక అక్కడక్కడా ముదురెరుపుగా కనబడితే, అందులో మా కొండ ముక్కలు ఉన్నట్టే.

ఆషాఢం వస్తే కొండంతా వాసనే. సింహాచలం సంపెంగలు, పనసపళ్ళు, మెట్ల పక్కన గుట్టలుగా పోసిన అనాసలు. అనాస చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పూకారం చల్లి ఆకులో పెట్టి ఇచ్చేవారు. ఆ నెలలోనే గిరి ప్రదక్షిణ. చతుర్దశి నాడు కొండ కింద తొలి పావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచి పౌర్ణమికి స్వామిని చూస్తారు. నాన్న నన్ను మొదటిసారి తీసుకెళ్ళిన రాత్రి ఊరు ఊరంతా మేలుకునే ఉంది. హనుమంతవాక దాటి అప్పుఘర్ దగ్గర సముద్రం చూశాం. కంచరపాలెంలో ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు, మజ్జిగ పట్టుకుని దారి పొడవునా నిలబడ్డారు. "తాగి ఎళ్ళు బాబూ" అంటూ ఒకావిడ నా చేతిలో గ్లాసు పెట్టింది. అంత దూరం నడవగలనన్న నమ్మకం నాకు ఆ రాత్రే వచ్చింది.

ఆ కొండకు పెద్ద దెబ్బ తగిలిన రోజూ ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గరే తీరం దాటింది. మర్నాటికి ఆకుపచ్చని కొండలు మోడులతో మిగిలాయి. ఎన్నో చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. అయినా అడవి మళ్ళీ చిగిర్చింది. కంబాలకొండ అడవిలో చిరుతలు ఇప్పటికీ ఉన్నాయి. గాలివాన కొట్టిన దెబ్బ నుంచి కొండ తేరుకోగలదు. మనిషి తవ్వేసిన కొండ తిరిగి మొలవదు. వాలు చదును చేసి కట్టే ప్రతి ఇంటితో ఒక గెడ్డ, ఒక కాలిబాట పోతున్నాయి.

పట్నం పక్కన కొండ ఉండటం ఆ పట్నం పిల్లల అదృష్టం. కాళ్ళకు బలం, గుండెకు దమ్ము, మనసుకు ధైర్యం అది పైసా పుచ్చుకోకుండా ఇస్తుంది. వచ్చే చలికాలంలో ఒక ఆదివారం మీ పిల్లల్ని కొండకు తీసుకెళ్ళండి. నలుగురూ కలిసి వెళ్ళండి, మంచినీళ్ళు పట్టుకెళ్ళండి, ప్లాస్టిక్ ఏదీ అక్కడ వదలకండి, పొద్దుగూకకముందే దిగిపోండి. దిగేటప్పుడు వాళ్ళు పరిగెడతామంటే ఎలా పరిగెత్తాలో నేర్పండి. ఆ దారిలో పరిగెత్తిన పిల్లలుంటేనే రేపు దాన్ని కాపాడేవాళ్ళు ఉంటారు.