గుట్ట ఎక్కిన పడవ ఇంజన్

మన గ్రూపులో నోటిఫికేషన్లు, హాస్టల్ సీట్లు, స్కాలర్‌షిప్పుల గురించే ఎక్కువ రాసుకుంటాం. ఈసారి నేను ఒక పాత పడవ ఇంజన్ గురించి రాస్తున్నా. పెద్ద పోస్టే. బస్సులోనో మెస్ లైన్లోనో ఉన్నప్పుడు ఓపికగా చదవండి.

మాది వి.ఆర్. పురం మండలం, గోదావరి ఒడ్డున కొండరెడ్ల ఊరు. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేశా. ఇప్పుడు ఎస్.ఆర్. నగర్లో మెట్రో స్టేషన్ వెనక గల్లీలో హాస్టల్లో ఉంటూ రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షకి చదువుతున్నా. మా గదిలో నలుగురం. ఒకరు బ్యాంకు, ఒకరు గ్రూప్స్, ఒకరు జావా. ఐటీఐ అంటే "ఓ, ఐటీఐనా" అని ఒక సాగదీత ఉంటది కదా, మీలో చాలామందికి తెలుసు ఆ సాగదీత.

ఇంజన్ మా మామది, అంటే మా అమ్మ వాళ్ళ అన్నది. పొలాల్లో నీళ్ళు తోడే రకం ఆయిల్ ఇంజనే. సింగిల్ సిలిండర్, 5 హార్స్‌పవర్, నీళ్ళతో చల్లబడేది. ఎవరో వాడి వదిలేసిన దాన్ని కొని, షాఫ్టు వేయించి, నాటు నావకి బిగించాడు. అది వచ్చాక ఊరికి తెడ్డు, గెడ బాధ సగం తీరింది. సంతకి చింతపండు, మామిడికాయలు, వెదురు బుట్టలు దాంట్లోనే వెళ్ళేవి. జ్వరమొచ్చిన వాళ్ళు, నొప్పులొచ్చిన ఆడవాళ్ళు దాంట్లోనే. నేను హాస్టల్లో చేరడానికి ట్రంకు పెట్టె పట్టుకుని ఊరు దాటింది కూడా దాని మీదే.

అది 2019 సెప్టెంబర్లో ఆగింది. ఎందుకో మీకు తెలుసు. ఆ నెల 15న కచ్చులూరు దగ్గర పాపికొండలు చూడడానికి వచ్చిన రాయల్ వశిష్ట బోటు మునిగింది. 77 మంది ఎక్కితే 26 మందే బతికారు. బోటుని పైకి తీయడానికి 38 రోజులు పట్టింది. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం అక్టోబర్ 22న తీసింది. టీవీలన్నీ ఆ తీసే పనినే చూపించాయి. మునిగిన రోజు నీళ్ళలో ఉన్నవాళ్ళని ఒడ్డుకి చేర్చింది చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళ చిన్న పడవలని మాత్రం ఒక్క రోజు చెప్పి ఊరుకున్నారు.

దానికి ముందే 2018 మే 15న కొండమొదలు నుంచి రాజమండ్రి పోయే లాంచీ మంటూరు దగ్గర గాలివానకి మునిగింది. అది టూరిస్టుల బోటు కాదు, మనవాళ్ళు రోజూ ఎక్కే లాంచీ. వానకి తలుపులు మూసుకుని లోపల కూర్చున్నవాళ్ళు బయటికి రాలేకపోయారు. పోయినవాళ్ళలో ఎక్కువమంది మన ఆదివాసీలే. మా అత్త పుట్టిల్లు ఆ వైపే. అప్పటినుంచి ఆమెకి ఇంజన్ మోత వింటే గుండె దడ. కచ్చులూరు తర్వాత నదిలో బోట్లన్నీ ఆపించినప్పుడు మామ కూడా ఇంజన్ విప్పి పశువుల కొట్టంలో పెట్టేశాడు. అత్త ఏమీ అనలేదు. ఆ రోజు కోడి కోసింది.

తర్వాత కరోనా. తర్వాత 2022 జూలై. భద్రాచలం దగ్గర మూడో హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఆ 16వ తారీఖున గోదావరి 71.3 అడుగులకి వచ్చింది. భద్రాచలం దిగువన మాకు పరిస్థితి ఎట్లుంటదో ఊహించుకోండి. ఇటు గోదావరి, అటు శబరి. శబరి నీళ్ళు కిందికి పోలేక వెనక్కి తంతాయి. ఊరికన్నా ముందు రోడ్డు మునుగుతది. నీళ్ళు కొట్టంలోకి వస్తున్నాయనగా మామ ఇంకో ముగ్గుర్ని పిలిచి, వెదురు బొంగులకి తాళ్ళు కట్టి, ఆ ఇంజన్ని గుట్ట మీదికి మోయించాడు. నలుగురు మోసే బరువు అది. అత్త బట్టల పెట్టె, పెళ్ళి ఫోటోలు నీళ్ళలో పోయాయి. ఈ విషయం మా ఇంట్లో ఇప్పటికీ పండగ పండగకీ వస్తది.

గుట్ట మీదికి ఇంజనైతే ఎక్కింది, కానీ అది తిరగదు. బయటి నుంచి బోటు వచ్చేదాకా జనం టార్పాలిన్ కింద కూర్చున్నారు. పక్కన ఇంజన్ కూడా గోనె సంచి కప్పుకుని కూర్చుంది.

ఇప్పుడు సగం ఊరు కాలనీకి పోయింది. మిగతా సగం 41.15 కాంటూరు లెక్కలో ఉన్నామా, 45.72 లెక్కలో ఉన్నామా అని కాగితాలు పట్టుకుని తిరుగుతోంది. పోలవరం ముంపు ఊళ్ళవాళ్ళకి ఈ రెండు నంబర్లు ఆధార్ నంబర్ కన్నా బాగా గుర్తు. మావాళ్ళు గుట్ట దిగువన షెడ్డు వేసుకున్నారు.

2024 దసరాకి ఇంటికి వెళ్తే పాత ఇనుము బండి వచ్చి ఉంది. ఇంజన్‌కి 4,500 అన్నాడు. మామ ఒప్పుకునేటట్టే ఉన్నాడు. "ఐదేళ్ళయింది అల్లుడూ, లోపలంతా తుప్పే. హ్యాండిల్ కదలట్లేదు" అన్నాడు. సంక్రాంతి దాకా ఆగు మామా అని అడిగా. బండివాడు నన్ను చూసి నవ్వి, వచ్చే నెల మళ్ళీ వస్తానని పోయాడు.

ఇక్కడ నా ట్రేడ్ మాట కొంచెం చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళలో ఇట్లా మూలపడ్డ ఇంజన్లు చాలా ఉన్నాయి. ఏళ్ళ తరబడి కూర్చున్న డీజిల్ ఇంజన్ని చూడగానే అందరూ చేసే పని, నలుగురు పట్టి హ్యాండిల్ తిప్పడం. కదలకపోతే హ్యాండిల్‌కి ఇనప పైపు తొడిగి ఇంకా బలంగా తిప్పడం. సిలిండర్ గోడకి పిస్టన్ రింగులు తుప్పుతో అతుక్కుని ఉంటాయి. బలవంతం చేస్తే రింగులు విరుగుతాయి, లేదా కనెక్టింగ్ రాడ్ వంగుతది. అప్పుడు నిజంగానే పాత ఇనుము అవుతది.

నేను ముందు ఇంజెక్టర్ విప్పా. ఆ రంధ్రం గుండా డీజిల్, ఇంజన్ ఆయిల్ సగం సగం కలిపి ఒక గ్లాసుడు పోశా. కిందనున్న పాత ఆయిల్ వదిలితే మజ్జిగలా తెల్లగా వచ్చింది. అంటే చెమ్మ నీరు చేరింది. మునగకపోయినా చేరుతది, రాత్రి చల్లదనానికి లోపల గాలి చెమ్మగిల్లుతది కాబట్టి. ట్యాంకులో డీజిల్ అడుగున జిగురు పట్టి బెల్లం పాకంలా ఉంది. అదంతా పారబోసి కడిగాం. మామకి ఒకటే పని అప్పజెప్పా. రోజూ పొద్దున డీకంప్రెషన్ లివర్ పైకెత్తి ఉంచి, ఫ్లైవీల్ని చేత్తో అటూ ఇటూ మెల్లగా ఒత్తి చూడాలి. కదలకపోతే వదిలెయ్యాలి. వారానికోసారి ఇంకాస్త నూనె. "దూడకి పాలు అలవాటు చేసినట్టా" అన్నాడు. అంతే మామా అన్నా.

ఇంజెక్టర్ని గుడ్డలో చుట్టి బ్యాగులో వేసుకుని ఎస్.ఆర్. నగర్ తెచ్చా. మంచం కింద పెడితే మూడో రోజుకి గదంతా డీజిల్ వాసన. బ్యాంకు పరీక్ష అన్న, "తమ్ముడూ, నువ్వు చదువుతున్నది రైలు నడపడానికా, గదిలో నడపడానికా" అని ఎగతాళి. వార్డెన్ అడిగితే సిలబస్‌లో ఉందన్నా. అబద్ధం కాదు. రెండో పరీక్షలో పార్ట్-బి మొత్తం ట్రేడే. 75 ప్రశ్నలు, 60 నిమిషాలు, 35 శాతం వస్తేనే క్వాలిఫై.

ఒక ఆదివారం వదిలి సోమవారం రాణిగంజ్ పోయా, ఆదివారం షాపులుండవు కాబట్టి. మీలో మెకానిక్ లైన్ వాళ్ళు ఆ బజారు తప్పక చూడండి. మోటార్లు, పంపులు, బేరింగులు, పాత ఇంజన్ల సామాన్లు గల్లీల నిండా. నాజిల్ టెస్ట్ చేసే షాపాయన ఇంజెక్టర్ని గేజీ ఉన్న చేతి పంపుకి బిగించి లివర్ నొక్కాడు. మంచి నాజిల్ అయితే కిర్రుమని మంచులా చిమ్మాలి. మాది ముక్కు కారినట్టు చుక్క చుక్కగా కారింది. సూది లోపల అతుక్కుపోయింది. కొత్త నాజిల్ వేసి, స్ప్రింగు సరిచేసి, 200 కిలోల ఒత్తిడి దగ్గర తెరుచుకునేటట్టు పెట్టాడు. ఈసారి కిర్రుమంది. "ఏ ఊరు తమ్మీ, బోరు ఇంజనా?" అన్నాడు. పడవ ఇంజన్ అంటే ఇంకోసారి లివర్ నొక్కి చూపించాడు, ఊరికే, నా సంతోషానికి. ఫిల్టరు, కాపర్ వాషర్లు, హెడ్ గాస్కెట్ కూడా అక్కడే తీసుకున్నా. నెల మెస్ డబ్బుల్లో చాలావరకు అక్కడే అయిపోయాయి. ఇంటికి చెప్పలేదు.

నవంబర్లో మొదటి పరీక్షకి రెండు రోజుల ముందు రాత్రి ఫోనొచ్చింది. మా దగ్గర సిగ్నల్ కావాలంటే జీలుగు చెట్టు పక్కనున్న బండ ఎక్కాలి. ఆ చీకట్లో మామ బండెక్కి ఫోన్ చేశాడంటే ఏం జరిగిందో అని భయపడ్డా. "అల్లుడూ, కదిలింది. జానెడు కదిలింది" అన్నాడు. ఆ రాత్రి రీజనింగ్ ఒక్క లెక్క కూడా చెయ్యలేదు.

సంక్రాంతికి అమీర్‌పేటలో సగం హాస్టళ్ళు ఖాళీ. నేనూ రాత్రి బస్సుకి భద్రాచలం, అక్కడినుంచి కూనవరం మీదుగా ఊరు. మామ అప్పటికి ఫ్లైవీల్ పూర్తి చుట్టు తిప్పుతున్నాడు. హెడ్ విప్పి మసి గీకాం, వాల్వులు కూర్చోబెట్టాం, టాపెట్లు సరిచేశాం. నీళ్ళ దారి నిండా ఎండిన ఒండ్రు. సైకిల్ చువ్వతో పొడిచి పొడిచి తీయడానికి ఒక పూట పట్టింది. కొత్త ఆయిల్, కొత్త డీజిల్ పోశాం. తర్వాత పైపుల్లో గాలి తీయడం. ఫిల్టర్ దగ్గర బోల్టు వదులు చేస్తే ముందు బుడగలు, ఆ తర్వాత బుడగలు లేని డీజిల్. అక్కడ బిగించి ఇంజెక్టర్ దగ్గర వదులు చేసి మళ్ళీ అదే. బ్లీడింగ్ ఎందుకు చేస్తారని పరీక్షలో అడిగితే నేనిక ఆప్షన్లు చూడక్కర్లేదు.

స్టార్ట్ చేసే ముందు అత్తకి ఒక చెక్క పీట ఇచ్చి గాలి లోపలికి పోయే చోట నిలబెట్టా. సిలిండర్‌లో పోసిన నూనె మిగిలి ఉంటే, డీజిల్ ఆపినా ఆ నూనె తాగుతూ ఇంజన్ పిచ్చిపట్టినట్టు పరిగెడుతది. అప్పుడు గాలి మూస్తే తప్ప ఆగదు. "నేను చెప్పగానే పీటతో మూసెయ్ అత్తా, చెయ్యి మాత్రం పెట్టకు" అన్నా. ఆమెకి ఆ పని నచ్చింది. ఇంజన్ని ఆపే పని.

మొదటిసారి ఉత్త దగ్గు. రెండోసారి తెల్ల పొగ. మూడోసారి మామ హ్యాండిల్ తిప్పుతుంటే నేను లివర్ దించా. డుబ్, డుబ్, డుబ్‌మని అందుకుంది. తెల్ల పొగ గుట్టంతా కమ్మింది. పిల్లలు పరిగెత్తుకొచ్చారు. నేను ఆయిల్ చూస్తున్నా, మామ మాత్రం కళ్ళు మూసుకుని వింటున్నాడు. "ఒక దెబ్బ ఆలస్యంగా పడుతోంది, ఎగ్జాస్ట్ వాల్వు చూడు" అన్నాడు. ఆపి చూస్తే ఆ టాపెట్ సందు ఎక్కువుంది. ఏ ఐటీఐకీ పోని మనిషి, మెట్రిక్ ఫీలర్ గేజి ఎప్పుడూ పట్టని మనిషి. అత్త పీట దించకుండా అట్లనే నిలబడింది, ఇంజన్ ఆగేదాకా.

పాత ఇనుము బండి మళ్ళీ వచ్చింది. మామ దాన్ని ఆపనే లేదు.

ఇంజన్ నడుస్తోంది కాబట్టి నావ నడుస్తుందని అనుకోకండి. పాత నావ చెక్క చీకిపోయింది. 2021లో వచ్చిన ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం ఇంజన్ బిగించిన నావకి రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్ ఉండాలి. అత్త పెట్టిన చట్టం ఇంకోటి ఉంది. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరూ కూర్చోకూడదు, వానొచ్చినా చుట్టూ ఏదీ మూయకూడదు, మామ సొంత మనుషులైనా లెక్క దాటి ఎక్కించకూడదు. మామ కూడా ఒకటి చెప్పాడు. వరదలో ఏటి మధ్యకి పోయే ఇంజన్ కాదిది, 5 హార్స్‌పవర్ ఆ సుడులకి చాలదు. మునిగిన రోడ్డు మీద, పొలాల మీద నిలిచిన నీళ్ళలో గుట్ట నుంచి రోడ్డు తేలే చోటు దాకా పోయి రావడానికే. మాకు కావాల్సింది కూడా ఆ దూరమే.

ప్రస్తుతం అది ఒడ్డున పంపుకి బిగించి ఉంది, మిర్చికి నీళ్ళు తోడుతోంది. వారానికి రెండు రోజులైనా తిరగాలి, లేకపోతే మళ్ళీ పట్టేస్తది. జూలైకి ముందు చెక్క పని తేలాలి. నావ రిజిస్ట్రేషన్ చేయించిన వాళ్ళు మనలో ఎవరైనా ఉంటే ఏయే కాగితాలు అడిగారో కింద రాయండి. వాడిన లైఫ్ జాకెట్లు కాదు, కొత్తవి, ఆరు కావాలి. ఎక్కడ నికరంగా దొరుకుతాయో కూడా చెప్పండి. ఎస్.ఆర్. నగర్, బీకే గూడ వైపు ఉండే డీజిల్ మెకానిక్ తమ్ముళ్ళు వచ్చే సోమవారం నాతో రాణిగంజ్ రావచ్చు. మామ షాఫ్టుకి గ్లాండ్ తాడు, రెండు ఆయిల్ సీళ్ళు తెమ్మన్నాడు.