బాయి కాడికొచ్చిన పెట్టె దుబాయికి రాలేదు

మా వైపు ఒక మాటుంది. 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అని. పొట్ట చేతపట్టుకుని ఇల్లు వదిలినవాడికి ఈ మూడే దారులు. మా బాపుది మొదటి దారి. ఊరొదిలి గోదావరిఖని వచ్చి, సింగరేణిలో ముప్పై ఏళ్లకు పైగా భూమి కింద పనిచేశాడు. నాకూ తమ్ముడికీ బాయి కొలువు దొరకలేదు. 2005లో నేను, రెండేళ్ల తర్వాత వాడు దుబాయి విమానం ఎక్కాం.

బాపుకు ఓటంటే పండగే. రాత్రి షిఫ్టు చేసి వచ్చినా సరే, బొగ్గుమసి కడుక్కుని, ఉతికిన అంగీ తొడుక్కుని వెళ్లి వరుసలో నిలబడేవాడు. 1998లో సింగరేణిలో మొదటిసారి రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగాయి. ఆ రోజు ఆయన మొహంలో వెలుగు నాకింకా గుర్తుంది. ''బాయి కాడికే పెట్టె వచ్చింది బిడ్డా! పని చేసే తాన్నే ఓటేసిన'' అన్నాడు. ఆ మాట విలువ నాకు పదేళ్ల తర్వాత, ఎడారిలో తెలిసింది.

2008 అక్టోబరు. మా సైటులో ఒక అమెరికా ఇంజినీరు ఉండేవాడు. ఒకరోజు మధ్యాహ్నం టీ తాగుతూ చేతిలో కవరు చూపించాడు. వాళ్ల దేశాధ్యక్షుడి ఎన్నికకు బ్యాలెట్ అట! టపాలో పంపిస్తే సరిపోతుందట. ''మరి మీరెలా వేస్తారు?'' అని అడిగాడు. నవ్వి ఊరుకున్నాను. అప్పటికే ఊళ్లో ఉండడం లేదని ఓటర్ల జాబితాలో నా పేరు తీసేశారు. ఆ సంగతి పరాయివాడికి ఏమని చెప్పను?

తర్వాత తెలిసింది, వాళ్లకూ ఆ హక్కు ఊరికే రాలేదని. విదేశాల్లో ఉన్న అమెరికన్లు ప్రపంచంలో ఎక్కడున్నా తమ ప్రభుత్వానికి ఆదాయపు పన్ను లెక్క చూపించాల్సిందే. ఓటు దగ్గరికొచ్చేసరికి మాత్రం ''మీరిక్కడ ఉండటం లేదుగా'' అనేవి చాలా రాష్ట్రాలు. 1773లో బోస్టన్ రేవులో తేయాకు పెట్టెలు నీళ్లలో పారబోసిన కథ గుర్తుచేస్తూ, వాళ్లు తమ ప్రతినిధులకు టీ పొట్లాలు పంపి మరీ అడిగారు. 1975 చట్టంతో ఆ హక్కు దక్కింది. 1986లో ఇంకో చట్టం దాన్ని గట్టిపరిచింది.

మా సంగతి వేరే. 2011లో సకల జనుల సమ్మెలో బాయిలు మూతపడ్డాయి. బాపు కూడా సమ్మెలో కూర్చున్నాడు. జీతం లేని ఆ రోజుల్లో ఇల్లు గడిచింది మేమిద్దరం పంపిన డబ్బుతోనే. 2014 ఏప్రిల్ 30న తెలంగాణ ఓట్ల పండగ జరిగితే మాత్రం మేం దుబాయి గదిలో టీవీ ముందున్నాం.

చట్టం లేదా అంటే ఉంది. విదేశాల్లో ఉన్న భారత పౌరులకు 2011 ఫిబ్రవరి నుంచి ఓటు హక్కు వచ్చింది. ఫారం 6ఎ నింపితే, పాస్‌పోర్టులోని చిరునామాను బట్టి పేరు నమోదు చేస్తారు. కానీ పోలింగు రోజున పాస్‌పోర్టు పట్టుకుని సొంతూరి బూతుకు రావాలి! అదే దుబాయిలో మన కాన్సులేట్ ఉద్యోగికి బ్యాలెట్ అక్కడికే వస్తుంది. కూలీకి రాదు. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లు అక్కడి పౌరులై అక్కడ ఓటేసుకుంటారు. గల్ఫ్ కూలీ ఇరవై ఏళ్లున్నా అక్కడి పౌరుడు కాలేడు. వాడికి లోకం మొత్తమ్మీద ఉన్నది ఒకే ఒక్క ఓటు. అది రామగుండంలోనో, జగిత్యాలలోనో ఉంది.

లండన్ నుంచి నాగేందర్ చిందం, గల్ఫ్ నుంచి కేరళ వైద్యుడు షంషీర్ వయలిల్ దీనిపై సుప్రీంకోర్టుకు వెళ్లారు. తమ బదులు మరొకరిని పంపి ఓటేయించే బిల్లు 2018 ఆగస్టులో లోక్‌సభ దాటింది. రాజ్యసభ దాటకుండానే మరుసటి ఏడాది మురిగిపోయింది. బ్యాలెట్‌ను ఆన్‌లైన్‌లో పంపి, టపాలో తిరిగి తెప్పించుకోవచ్చని 2020లో ఎన్నికల సంఘం సూచించింది. అదీ అక్కడే ఆగింది.

నేను 2018లో తిరిగొచ్చేశాను. తమ్ముడింకా అక్కడే ఉన్నాడు. 2024 ఎన్నికల ముందు పట్టుబట్టి వాడి చేత ఫారం నింపించాను. జాబితా చివర్లో, ప్రవాస ఓటర్ల కింద పేరొచ్చింది. ఫోన్లో వాడి గొంతు నిండిపోయింది. ''అన్నా, నా పేరు ఫొటో తీసి పంపు'' అన్నాడు. మే 13న పోలింగు. రానూపోనూ టికెట్టు ధర వాడి నెల జీతం కంటే ఎక్కువ. సెలవూ దొరకలేదు. రాలేదు.

ఆ ఏడాది దేశం మొత్తమ్మీద లక్షా 19 వేల మందికి పైగా ప్రవాసులు పేర్లు నమోదు చేసుకున్నారు. అందులో ఎక్కువమంది కేరళవాళ్లే. వచ్చి ఓటేసినవాళ్లు మూడు వేల మంది కూడా లేరు. రానివాళ్లలో మా తమ్ముడొకడు.

పోలింగు రోజు బాపును చెయ్యి పట్టుకుని బూతుకు తీసుకెళ్లాను. వయసు మీద పడింది, చూపు సరిగా ఆనదు. జాబితాలో చిన్నకొడుకు పేరు మీద నా వేలు పెట్టి చూపించాను. కాసేపు అలాగే చూశాడు.

''పేరైతే ఉన్నది బిడ్డా... పెట్టె వాడి కాడికి ఎప్పుడు పోతది?'' అన్నాడు.