ఖర్చు పద్దులో హంబర్ సైకిలు

టెన్త్ స్పాట్ వాల్యుయేషన్‌కి వచ్చే డబ్బు, ఎన్నికల డ్యూటీకి ఇచ్చే భత్యం నేను జీతంలో కలపను. వాటికి పోస్టాఫీసులో వేరే సేవింగ్స్ ఖాతా ఉంది. అందులో ఎంత ఉంటే అంతవరకే పాత సైకిల్ సామాను కొంటాను. అది ఖాళీ అయిందంటే మళ్లీ వేసవిలో పేపర్లు దిద్దేదాకా ఆన్‌లైన్ వేలాల వైపు కన్నెత్తి చూడను. జీతం, పీఎఫ్, అమ్మాయి చదువు కోసం కట్టే ఆర్డీ, వీటిలోంచి సైకిళ్లకు రూపాయి కదలదు.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే ఈ సామాను నా లెక్కలో ఆస్తి కాదు. కొన్న రోజే ఖర్చు పద్దులో రాసేస్తాను. "పాతబడేకొద్దీ రేటు పెరుగుతుంది కదా మాస్టారూ, ఇదీ పెట్టుబడే" అని స్టాఫ్‌రూమ్‌లో అంటుంటారు. రేటు పెరిగినవి ఉన్నాయి, కాదనను. అయితే ఆ రేటు మన చేతికి రావాలంటే కొనేవాడొకడు ఎదురుగా ఉండాలి. శ్రీకాకుళంలో ఏ నగల కొట్టుకు తీసుకెళ్లినా బంగారం సాయంత్రానికి డబ్బవుతుంది. బ్రూక్స్ కంపెనీ తోలు సైకిల్ సీటు తీసుకెళితే దాని విలువ తెలిసిన మనిషిని ముందు వెతకాలి. దొరికినా, ఆ నెలలో అతని దగ్గర డబ్బుండాలి. అమ్మడానికి ఇంత కష్టమైన వస్తువును ఆస్తుల్లో రాసుకుంటే, అవసరం వచ్చిన రోజున కాగితం మీద తప్ప ఎక్కడా కనిపించని డబ్బును నమ్ముకున్నట్టవుతుంది.

నా దగ్గరున్నది హంబర్. నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసిన ఒకాయన షిఫ్టులకు తొక్కిన బండి. వాళ్లింట్లో చూరు కింద నిలబెట్టి ఉంటే అడిగి కొన్నాను. హంబర్ పేరును 1932లో నాటింగ్‌హామ్‌లోని రాలీ కంపెనీ కొనుక్కుంది. ఆ తర్వాత కూడా హంబర్‌కి ప్రత్యేకమైన జంటగొట్టాల ముందు ఫోర్కును మాత్రం వదల్లేదు. దూరం నుంచి చూసినా ఆ ఫోర్కును బట్టే బండిని గుర్తుపట్టవచ్చు. స్వాతంత్ర్యం వచ్చాక బెంగాల్‌లోని ఆసన్‌సోల్‌లో సెన్-రాలీ ఫ్యాక్టరీ, మద్రాసు పక్కన అంబత్తూరులో టీఐ సైకిల్స్ మొదలై, ఇంగ్లండు పేర్లున్న బళ్లు ఇక్కడే తయారవడం మొదలైంది. మా వైపు మిల్లు కార్మికులకు, మాస్టార్లకు, పోస్టుమ్యాన్లకు తరం దాటి సేవ చేసినవి ఆ బళ్లే. నా హంబర్‌కి ఫ్రేము, ఫోర్కు అసలువి. వెనక హబ్బు, సీటు, లైటు ఎప్పుడో మార్చేశారు. నా వేట ముఖ్యంగా ఆ మూడింటి కోసం.

ఈ వేటలో మొదట తేల్చుకోవాల్సింది ఏ ధర కడుతున్నామన్నది. స్టర్మీ-ఆర్చర్ కంపెనీ వారి ఏడబ్ల్యూ అనే మూడు గేర్ల హబ్బునే తీసుకోండి. 1936లో వచ్చింది. దాని గుల్ల మీద తయారైన నెల, సంవత్సరం గుద్ది ఉంటాయి. 2000లో ఆ కంపెనీని తైవాన్‌కి చెందిన సన్‌రేస్ కొనేసింది. మూడు గేర్ల హబ్బులు అక్కడ కొత్తవి తయారవుతూనే ఉన్నాయి. తొక్కడానికే కావాలంటే కొత్తది చాలు. నా ఫ్రేముకు సరిపోయే 1950ల తారీకు కావాలంటే మరో ధర. అట్టపెట్టె కూడా తెరవనిది కావాలంటే ఇంకో ధర. పనిలో ఈ మూడింటికీ తేడా లేదు, డబ్బులో మాత్రం చాలా ఉంది. నేను తారీకు దాకా వెళతాను, పెట్టె దాకా వెళ్లను. పెట్టెలోంచి తీసి బండికి బిగించిన మరుక్షణం ఆ మూడో ధర ఎగిరిపోతుంది. నేను బిగించడానికే కొంటాను.

ఇక పాట సంగతి. మన ఊళ్లలో చీటీ పాటలో కూర్చున్న వాళ్లకు ఇది కొత్త కాదు. డబ్బు అవసరం ఎవరికి గట్టిగా ఉందో వాళ్లే ఎక్కువ వదులుకుని పాడతారు. సైకిల్ సామాను వేలంలోనూ, ఆ ఒక్క ముక్క లేక బండి ఎవరికి ఆగిపోయిందో వాళ్లే పైకి తీసుకెళతారు. అలాంటి వాళ్లు ఇద్దరు తగిలితే చాలు, ఆ అంకెకూ వస్తువుకూ సంబంధం తెగిపోతుంది. ఈబేలో మనం చెప్పిన గరిష్ఠ మొత్తం ఎదుటివాళ్లకు కనబడదు. గెలిస్తే రెండో పాటగాడి గరిష్ఠానికి ఒక మెట్టు పైన మాత్రమే కడతాం. రెండో ధరకు ముగిసే ఇలాంటి వేలాలను విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లో విశ్లేషించాడు. 1996లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. ఆయన లెక్కలోంచి నాలాంటివాడికి పనికొచ్చేది ఒకటుంది: ఇలాంటి పాటలో మన అసలు ధరను దాచుకుని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతే ఒరిగేదేమీ లేదు. అందుకని నా గరిష్ఠం ఒక్కసారే రాసి ఫోను పక్కన పెడతాను. ఇంగ్లండులో సాయంత్రం ముగిసే పాటలు మనకు అర్ధరాత్రి ముగుస్తాయి. నిద్రమత్తులో, గడియారం చూస్తూ ఇంకో ఐదు పౌండ్లు పెంచే అవకాశం నాకు నేనే ఇచ్చుకోను.

ఆ గరిష్ఠాన్ని ఇంటి గుమ్మం దగ్గర నుంచి వెనక్కి లెక్కగడతాను. ముందు, ఆ ముక్క నా ఇంటికి చేరేసరికి రూపాయల్లో ఎంత దాటకూడదో అనుకుంటాను. అందులోంచి తపాలా, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, కార్డు మీద విదేశీ మారకం రుసుము తీసేస్తాను. సుంకం వేసేది వస్తువు ధర ఒక్కదాని మీదే కాదు, తపాలా ఖర్చు కూడా కలిపిన విలువ మీద. జీఎస్టీ ఆ సుంకాన్నీ కలుపుకున్న మొత్తం మీద పడుతుంది. పాత హబ్బులు ఉక్కువి, బరువెక్కువ కాబట్టి తపాలా తేలిగ్గా పోదు. నలభై పౌండ్ల వస్తువుకు ఇరవై రెండు పౌండ్ల తపాలా అయితే, పన్ను మొదలయ్యేది అరవై రెండు దగ్గర. అందుకే పాటలో కనిపించే అంకెను రెండింతలు చేసి చూసుకోవడం నాకు అలవాటు. దానికి ఒప్పుకోగలిగితేనే పాడతాను. "గిఫ్ట్ అని రాసి పంపమంటారా?" అని అడిగే అమ్మకందార్లు ఉంటారు. వద్దంటాను. అది అబద్ధం. పైగా గిఫ్ట్‌లకు ఉండే సుంకం మినహాయింపును 2019 డిసెంబరులోనే దాదాపు పూర్తిగా ఎత్తేశారు.

ఒకప్పుడు ఇంత లెక్క ఉండేది కాదు. ఈబే 2004లో బాజీ డాట్ కామ్‌ను కొని మన దేశంలోకి వచ్చింది, రూపాయల్లోనే పాడుకునేవాళ్లం. 2018 ఆగస్టులో ఆ ఇండియా సైటు మూతబడింది. ఇప్పుడు పాడితే విదేశీ సైట్లలో పాడాలి, లేదా వాట్సాప్ గ్రూపుల్లో. వాట్సాప్‌లో ముక్కూ మొహం తెలియని మనిషికి యూపీఐలో ముందే డబ్బు పంపితే అది నమ్మకం మీద ఇచ్చినట్టే, వస్తువు రాకపోతే వెనక్కి తెచ్చుకునే సులువైన దారి లేదు. అక్కడ నాకు మనిషి తెలిస్తేనే కొంటాను. విదేశీ చెల్లింపుల విషయంలో రిజర్వ్ బ్యాంకు నిబంధన ఒకటి నాకు కలిసొచ్చింది. 2020 అక్టోబరు నుంచి కొత్తగా ఇచ్చే కార్డుల్లో అంతర్జాతీయ వాడకం మనం తెరిస్తే తప్ప మూసే ఉంటుంది. గెలిచిన రోజు తెరిచి, డబ్బు కట్టి, మళ్లీ మూసేస్తాను.

ఈ వేలాల్లో నిజంగా డబ్బు మిగిల్చేది తెలివిడి ఒక్కటే. నాటింగ్‌హామ్ రాలీ బళ్ల పెడల్ యాక్సిల్ కప్పులకు అంగుళానికి 26 మరలుంటాయి, మిగతా ఇంగ్లండు బళ్లకు 24. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. 24 మరల కప్పును రాలీ ఫ్రేములోకి బలవంతంగా తిప్పితే ఫ్రేము లోపలి మరలే పోతాయి. ఈ సంగతి తెలియని అమ్మకందారు "పాత సైకిల్ కప్పులు" అని మాత్రమే రాస్తాడు. తెలియని కొనుగోలుదార్లు అది దాటి వెళ్లిపోతారు. మరలను కొలిచి ఫొటో పంపమని అడుగుతాను. 26 అయితే చవగ్గా దొరికినట్టే. హబ్బులకు స్పోకుల రంధ్రాలు లెక్కపెట్టడమూ ఇలాంటిదే: పాత ఇంగ్లండు బళ్లకు ముందు 32, వెనక 40 ఉంటాయి. 36 రంధ్రాల హబ్బు ఎంత మెరిసినా నా రిమ్ముకు పనికిరాదు. హబ్బు లోపలి కోనుల మీద గోళీల గుంతలు పడ్డాయో లేదో ఏ ఫొటోలోనూ తెలియదు కాబట్టి, అవి పాడయ్యాయనే అనుకుని ధర తగ్గించి పాడతాను.

అదే తెలివిడి మన ఊళ్లో ఇంకా ఎక్కువ పనికొస్తుంది. ఆమదాలవలస నుంచి విజయనగరం దాకా పాత ఇనుప సామాను కొట్లలో ఈ బళ్లు ఇప్పటికీ కిలోల లెక్కన కరిగిపోతున్నాయి. నాకు గంటలు, మడ్‌గార్డులు, చైను కేసులు అక్కడే దొరికాయి. నాకు తెలిసిన ఒక కొట్టాయన అంటాడు: "ఏటి బాబూ, మేం ముప్పై రూపాయలకి తీసిందానికి మీరు ఇంత ఎట్టీసినారేటి? ముందే చెప్పుంటే పక్కనెట్టేవోణ్ని కదా." కిలో ధర కంటే బాగా ఎక్కువే ఇస్తాను, తెలిసే ఇస్తాను. తర్వాతి హంబర్ వస్తే అది ముక్కలవకముందు నాకు ఫోను రావాలి. సుంకం లేదు, తపాలా లేదు, చేత్తో తిప్పి చూసుకోవచ్చు. వేలంలో పాడాలనుకున్న దేన్నయినా ముందు ఈ కొట్ల చుట్టూ ఒక విడత తిరిగాకే పాడతాను.

ఇక్కడ దొరికినవి విదేశాలకు అమ్మితే లాభం కదా అని కొందరంటారు. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులు దేశం దాటించడానికి 1972 నాటి పురావస్తువుల చట్టం అడ్డొస్తుంది. అంత పాత సైకిల్ కార్బైడ్ దీపాలు మన వైపు ఇంకా బయటపడుతుంటాయి. చట్టం అలా ఉంచినా, మా మిల్లుల ముందు నిలబడిన బళ్ల సామాను మా ప్రాంతపు బళ్లకే తిరిగి చేరాలని నా కోరిక. నా దగ్గర రెండేసి ఉన్నవాటిని ఇక్కడ బండి నిలబెట్టుకుంటున్న వాళ్లకు కొన్న ధరకే ఇస్తాను. ఆ డబ్బు తిరిగి పోస్టాఫీసు ఖాతాలోకే వెళుతుంది.

ప్రతి ముక్కకూ నోటుబుక్కులో ఒక వరస ఉంటుంది: ఎక్కడ కొన్నాను, ఇంటికి చేరేసరికి ఎంతయింది, మరలెన్ని, గుద్దిన తారీకు ఏది, ఎవరి బండికి సరిపోతుంది. సముద్రపు గాలికి క్రోమియం పొక్కకుండా గ్రీజు రాసిన నెల కూడా అందులోనే రాస్తాను. చివరి గడి మా ఆవిడ కోసం, అమ్మాయి కోసం. నేను లేనప్పుడు అమ్మాలనుకుంటే ఎవరికి ఫోను చేయాలో, ఎంతకు తగ్గకూడదో అందులో ఉంటుంది. ఏటా పేపర్లు దిద్దడం అయ్యాక ఆ గడి ఒక్కటీ దిద్ది, ఇద్దరికీ చదివి వినిపిస్తాను.