బొబ్బిలిలో మరొక సమరం

బొబ్బిలి యుద్ధమనగానే 1757 నాటి కోట, బుస్సీ ఫిరంగులు, తాండ్ర పాపారాయుని శౌర్యం తలపునకు వస్తాయి. బుర్రకథలు ఆ యుద్ధాన్ని తెలుగువారిని మరువనీయలేదు. నూట ఎనభై సంవత్సరాల తరువాత అదే బొబ్బిలిలో మరొక సమరం జరిగింది. అందులో నెత్తురు చిందలేదు. బహుశా అందువల్లనే దానికి అంతటి ఖ్యాతి దక్కలేదు.

నేడు అనకాపల్లి ఒక జిల్లా కేంద్రం. బొబ్బిలి విజయనగరం జిల్లాలోనిది. 1937 నాటికి ఈ రెండూ మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణం జిల్లాకు చెందినవే. ఆ జిల్లాలో భూమి అత్యధికంగా జమీందారుల అధీనంలో ఉండేది. అనకాపల్లి బెల్లపు అంగళ్లకు చెరకు పండించిన రైతులైనా, బొబ్బిలి మెట్టపొలాల రైతులైనా పెక్కుమంది శిస్తు చెల్లించినది నేరుగా సర్కారుకు కాదు, ఎస్టేటు కచేరీకి. జమీందారు మాటకు ఎదురాడడమంటే రైతుకు పొలంతో పందెం కాయడమే.

బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు కేవలం సంస్థానాధీశుడు కారు. జస్టిస్ పార్టీ నాయకులుగా, 1936లో కొద్దికాలం మినహా, 1932 నుండి మద్రాసు రాజధానికి ఆయనే ముఖ్యమంత్రి. అటువంటి వ్యక్తిపై ఆయన సొంతగడ్డలోనే పోటీకి కాంగ్రెసు నిలిపినది వరాహగిరి వేంకటగిరిని.

గిరి 1894లో బరంపురంలో జన్మించారు. న్యాయశాస్త్రం చదవడానికి 1913లో డబ్లిన్ నగరానికి వెళ్లారు. అక్కడ న్యాయశాస్త్రంతోపాటు తిరుగుబాటును కూడ చూశారు. 1916 ఏప్రిల్‌లో ఐర్లండు దేశభక్తులు ఆంగ్లేయ పాలనపై ఆయుధాలెత్తారు. ఆ తిరుగుబాటు అణగిపోయింది. కార్మిక నాయకుడు జేమ్స్ కానొలీ మరణదండనకు గురయ్యాడు. విప్లవకారులతో సంబంధాలున్నాయన్న అనుమానంపై గిరి ఆ యేడే దేశం విడువవలసివచ్చింది. కార్మికుల విముక్తి లేని స్వాతంత్ర్యం అసంపూర్ణమన్న కానొలీ భావన మాత్రం ఆయనతోపాటు ఓడ ఎక్కింది.

స్వదేశంలో ఆయన చేపట్టినది తుపాకి కాదు, సంఘం. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సమీకరించారు. ఉద్యోగాల తొలగింపునకు వ్యతిరేకంగా 1927లో ఖరగ్‌పూర్‌లో సాగిన సమ్మెల కాలంలో ఆ సంఘానికి నాయకులలో ఒకరు. ఆ కర్మాగారంలో పనిచేసినవారిలో తెలుగువారు కూడ పెద్దసంఖ్యలో ఉండేవారు. బొబ్బిలికి వచ్చేనాటికి గిరికి ఉన్న ఆస్తి అటువంటి అనుభవమే.

1935 నాటి భారత ప్రభుత్వ చట్టం ఓటుహక్కును అందరికీ ఇవ్వలేదు. ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలున్నవారికే పరిమితం చేసింది. అయినను ఓటర్లలో అక్షరజ్ఞానం లేనివారు అనేకులు. అందుచేత పోటీదారులకు వేరువేరు రంగుల పెట్టెలు ఏర్పరిచారు. కాంగ్రెసుది పసుపుపచ్చ పెట్టె. గాంధీజీ పేరు, పసుపు పెట్టె అన్న రెండు మాటలు చాలు. గ్రామీణునికి ప్రచారమంతా అందులోనే ఇమిడిపోయింది. తెరచాటున చీటీ ఏ పెట్టెలో పడినదీ ఎస్టేటు గుమాస్తాకు తెలియదు. జమీందారీ రైతుకు అంతకుమునుపెన్నడూ లభించని అభయమది.

1937 ఫిబ్రవరి ఎన్నికలలో ముఖ్యమంత్రి ఓడిపోయారు. మద్రాసు శాసనసభలోని 215 స్థానాలలో కాంగ్రెసుకు 159 దక్కాయి. ఇంతటి విజయాన్ని గిరి ఒక్కరికే ఆపాదించడం అతిశయోక్తి. రాజాజీ, సత్యమూర్తి, ప్రకాశం పంతులు ఊరూరా తిరిగినవారే. అయినా పాలకపక్షపు శిరస్సునే దాని కోటలో ఓడించిన ఘనత గిరిదే.

జులైలో రాజాజీ మంత్రివర్గం ఏర్పడింది. ప్రకాశం రెవిన్యూ మంత్రి, గిరి కార్మిక, పరిశ్రమల మంత్రి. అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. నిన్నటి వరకు సమ్మె చేయించిన చేయి నేడు సమ్మెను పరిష్కరించాలి! నూలుమిల్లుల కార్మికులు తమ ప్రభుత్వమే వచ్చిందన్న ధైర్యంతో పని మానివేశారు. యజమానులు మంత్రివైపు అనుమానంగా చూశారు. ఇరుపక్షాలను ఒకచోట కూర్చుండబెట్టి మాట్లాడించడమే గిరి ఎన్నుకొన్న మార్గం. అది నిదానమైన మార్గం, ఆవేశపరులకు రుచించలేదు.

రైతులు కూడ ఊరకుండలేదు. 1937లో ఇచ్ఛాపురంలో బయలుదేరిన రైతు రక్షణ యాత్ర మరుసటి సంవత్సరం మద్రాసు చేరింది. ప్రకాశం అధ్యక్షతన ఏర్పడిన సంఘం, భూమికి యజమాని రైతేనని 1938లో నివేదించింది. అది చట్టంగా మారకమునుపే, భారతీయులను సంప్రదించకుండ దేశాన్ని యుద్ధంలోకి దింపినందుకు నిరసనగా 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. జమీందారీల రద్దు శాసనం 1948లో గాని రాలేదు.

గిరి తరువాత కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగులకు అనుకూలంగా వచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించగా, 1954 ఆగస్టులో ఆ పదవిని విడిచిపెట్టారు.