ఆకలితో ఉరికే మోటారు

పాడయ్యే ముందు ఏ ఇంజినైనా ఏదో ఒక రకంగా చెబుతుంది. పొగ కక్కుతుంది, దడదడలాడుతుంది, మొరాయిస్తుంది. ఒక జబ్బు మాత్రం వేరు. అది సోకిన ఇంజిను కొన్నిసార్లు ముందు హుషారెక్కుతుంది. పటాన్‌చెరు రోడ్డు పక్క షెడ్డులో పడవ మోటారు ఒకటి అలా రయ్యిమంటోందనుకోండి. పక్కనున్న కుర్రాడు మురిసిపోతాడు.

''మస్తు ఉర్కుతుంది గదన్నా!''

''ఉర్కుడు గాదురా... ఉపాసముంటుంది!'' అంటాడు చెయ్యి తిరిగిన మెకానిక్.

వాళ్ల భాషలో ఈ జబ్బు పేరు 'లీన్'. అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. ఒక గ్రాము పెట్రోలు సరిగ్గా మండాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. ఆ లెక్క తప్పి పెట్రోలు తగ్గితే లోపల వేడి పెరుగుతుంది. టూ స్ట్రోక్ ఇంజిన్లలో చాలావాటికి ఆయిలు కూడా పెట్రోలుతో కలిసే వెళ్తుంది. కాబట్టి తిండితో పాటు నూనే కరవవుతుంది. చివరికి పిస్టన్ పట్టేస్తుంది. స్కూటరైతే రోడ్డు పక్కకు తోసుకెళ్లొచ్చు. నడి ప్రవాహంలో పడవని ఎవరు తోస్తారు?

పదకొండు నెలల నిద్ర

సంగారెడ్డి, పటాన్‌చెరు అనగానే గుర్తొచ్చేవి ఫ్యాక్టరీలు, లారీలు, గొట్టాలు. ఇక్కడ పడవ సంగతేమిటి అనిపించొచ్చు. కానీ ఈ జిల్లా గుండానే మంజీర పారుతోంది. దాదాపు 30 టీఎంసీల సింగూరు జలాశయం ఉన్నదీ ఇక్కడే. దాని గేట్లెత్తితే దిగువన మెదక్ జిల్లాలో ఏడుపాయల వనదుర్గ ఆలయాన్ని నీళ్లు చుట్టుముడతాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీల్లోనే పడవలు తిరిగాయి. 2025 ఆగస్టు చివర్లో మెదక్, కామారెడ్డి జిల్లాలు నీట మునిగినప్పుడు సహాయక బృందాలే దిక్కయ్యాయి. అలాంటప్పుడు రబ్బరు పడవ వెనక తగిలించే మోటారు మీదే ప్రాణాలు ఆధారపడతాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఏడాదిలో పదకొండు నెలలు మూలన పడుకునే మోటారుని ఒక్కసారిగా లేపి, పూర్తి వేగంతో ఎదురీదమంటారు. ఈలోగా కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలు ఆవిరై, అడుగున జిగురు పేరుకుంటుంది. పెట్రోలు దూరే జెట్ రంధ్రం సూదిమొనంత. దాన్లో సగం మూసుకుపోయినా చాలు, లీన్ మొదలైనట్టే.

జబ్బు ఎక్కడ?

లీన్ అనగానే ఇంజిను విప్పేయక్కర్లేదు. లోపం ఎక్కువగా ఇంజిన్లో కాదు, పెట్రోలు వచ్చే దారిలో ఉంటుంది. అందుకే అనుభవజ్ఞులు ట్యాంకు దగ్గర మొదలుపెట్టి ఒక్కో మెట్టే లోపలికి వెళ్తారు.

ముందుగా మోటారుని నీళ్లు నింపిన డ్రమ్ములో దించాలి. పొడిగా నడిపితే నీటి పంపు కాలిపోతుంది. పక్కనుంచి సన్నటి నీటిధార చిమ్ముతోందో లేదో చూడాలి. ధార లేకపోతే వేడికి కారణం లీన్ కాకపోవచ్చు, చల్లబరిచే నీళ్లు అందకపోవడం కావచ్చు.

తర్వాత ట్యాంకు మూత మీది గాలి మర. రవాణాలో బిగించి, తర్వాత విప్పడం మరిచిపోతారు. బయటి గాలి లోపలికి పోకపోతే పెట్రోలు బయటికి రాదు. మోటారు పది నిమిషాలు నడిచి చల్లగా ఆగిపోతుంది. ఎంత చిన్న మర... ఎంత పెద్ద ముప్పు!

పైపు మధ్యలో రబ్బరు బుడగ ఉంటుంది. మోటారు తడబడుతున్నప్పుడు దాన్ని చేత్తో నొక్కాలి. వెంటనే కోలుకుందంటే పైపులోనో, ఫిల్టర్లోనో, పంపు పలచటి పొరలోనో తేడా ఉన్నట్టు. నొక్కినా మార్పు లేకపోతే చోక్ కాస్త లాగి చూడాలి. అప్పుడు నిలదొక్కుకుంటే లీన్ ఖాయం. అనుమానం కార్బురేటర్ మీదికి, గాలి పీల్చే గ్యాస్కెట్ల మీదికి మళ్లుతుంది. ప్లగ్గూ సాక్ష్యం చెబుతుంది. గోధుమరంగులో ఉంటే ఆరోగ్యం. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే ఆకలి.

జెట్టుని శుభ్రం చేసేటప్పుడు పిన్నీసుతో పొడవకూడదు. రంధ్రం పెద్దదైతే లెక్క శాశ్వతంగా తప్పుతుంది. క్లీనర్‌తో కడిగి, గాలి ఊదాలి. ఒకప్పటి బజాజ్ చేతక్‌ని పక్కకు వంచి స్టార్ట్ చేసిన తరానికి ఈ పెట్రోలు కష్టాలు కొత్త కాదు.

ఇప్పుడో కొత్త చిక్కు తోడైంది. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఇథనాల్ మండటానికి గాలి తక్కువ చాలు. ఒక గ్రాముకు 9 గ్రాములే. అంటే పాత జెట్టుతో నడిచే మోటారు ఆ మేరకు తనంతట తానే లీన్ వైపు జరుగుతుంది. పైగా ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి. చాలా పడవ మోటార్ల కంపెనీలు 10 శాతం వరకే సరేనంటాయి. అందుకే నెలల తరబడి పెట్రోలు నిల్వ ఉంచడం కొనితెచ్చుకున్న తిప్పలు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. డ్రమ్ములో పాసైన మోటారు ఏటిలో ఫెయిల్ కావచ్చు. డ్రమ్ములో దానికి బరువు లేదు. మనుషులు ఎక్కి, ఎదురు ప్రవాహంలో పూర్తిగా యాక్సిలరేటర్ తిప్పినప్పుడే పెద్ద జెట్టు అసలు రంగు బయటపడుతుంది. పిస్టన్ పట్టేసేదీ అప్పుడే. కాబట్టి చివరి పరీక్ష నీళ్ల మీదే జరగాలి. అదీ వానాకాలం రాకముందు, ఒడ్డు దగ్గర, లైఫ్ జాకెట్లతో.

పని ముగిశాక పైపు తీసేసి, కార్బురేటర్ ఖాళీ అయ్యేదాకా నడిపి ఆపాలి. నెలకోసారి పది నిమిషాలు నీళ్లలో నడపాలి. ఇందుకయ్యే ఖర్చు లీటరో రెండు లీటర్లో పెట్రోలు. మిద్దె మీద పిల్లల్ని ఎత్తుకుని ఎదురుచూస్తున్న కుటుంబానికి మాత్రం ఆ పది నిమిషాల విలువ అంతులేనిది.