గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది

"దేవుడే ఈ కష్టం పంపాడు, ఏదో ఉద్దేశం ఉండే ఉంటుంది." పొద్దున్నుంచీ ఈ మాటే మెదులుతోంది. ఓదార్పుగానే అంటాం. కానీ 1876-78 కరువును తలచుకుంటే నాకు ఆ మాట నోటికి రాదు. దక్షిణాదిన లక్షల మంది తిండిలేక పోయారు. అదంతా ఒక మేలు కోసమే అనడం పోయినవాళ్లకు అన్యాయం. పౌలు కూడా రోమా పత్రికలో జరిగేవన్నీ మంచివే అనలేదు. దేవుణ్ణి ప్రేమించేవాళ్లకు అన్నీ కలిసి మేలుకు పనిచేస్తాయన్నాడు. ఆ రెంటికీ చాలా తేడా ఉంది.

ఆ కరువులోనే ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. వాళ్లలో మాదిగ కుటుంబాలే ఎక్కువ. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

వాళ్లు గంజి కోసమే సంఘంలో కలిశారంటారు. కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదది. అయితే సరిగ్గా ఆ అనుమానం రాకూడదనే, సాయం నడిచినన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆకలిని ఎర చేయకుండా నెలల తరబడి ఆగాడు! ఊరి చివరికి నెట్టేసిన మనుషులు కూడా ఆగారు, మళ్లీ వచ్చి అడిగారు. దేవుని నమ్మకత్వం నాకు కరువులో కాదు, ఆ ఆగడంలో కనిపిస్తుంది.

మీ ఇంటి పెద్దలు ఆ రోజుల గురించి ఏమైనా చెప్పేవారా? రాయండి, చదవాలనుంది.